శకుంతలక్క కోయని ఫోటో

కొత్త ఆల్బం అట్ట తెరవగానే జిగురూ ప్లాస్టిక్కూ కలిసిన ఘాటు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. మా అబ్బాయి పెళ్లి ఆల్బం అది. సోలాపూరు హోట్గి రోడ్డులోని మా ఇంటి ముందుగదిలో మా ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతున్నారు. నేను పక్కన కూర్చుని, ఫలానా వదిన ఎంత లావైందో, ఫలానా బావ తలకు ఎంత రంగు పూసుకున్నాడో చెబుతూ నవ్వుతున్నాను. ఒక పేజీ దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని, ఫోటోను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, "రేణా, ఈ చెయ్యి ఎవలది?" అన్నారు. "ఎవలదేంది? కోడలి భుజం మీద చెయ్యి వేసింది నేనే గదా" అంటూ వంగి చూశాను. చీర నాదే, గాజులు నావే, ఆ ముఖంలోని నవ్వు కూడా నాదే. కోడలి భుజం మీద ఉన్న ఎడమ చేతికి మాత్రం ఐదు వేళ్లున్నాయి. చక్కగా, తీరుగా, ఐదు! చివరి రెండు వేళ్ల గోళ్లకు లేత గులాబీ రంగు కూడా వేసి ఉంది.

చదివేవాళ్లకు ఇందులో వింతేముందో తెలియాలి కదా. నా ఎడమ చేతికి మూడు వేళ్లే. చిన్నప్పుడు కుంఠా నాకా దగ్గర మా ఇల్లు ఉండేది. కింది గదిలో సాంచాలు, పై గదిలో మేము. సాంచా అంటే మా వాళ్ల నోట మరమగ్గం. రాత్రీ పగలూ ఆ చప్పుడులోనే తిన్నాం, చదివాం, నిద్రపోయాం. ఒక రోజు ఆడుకుంటూ ఆడుకుంటూ, తిరుగుతున్న సాంచా పట్టాలో, అదే బెల్టులో, చెయ్యి పెట్టాను. ఉంగరపు వేలూ చిటికెన వేలూ అక్కడే పోయాయి. అప్పటి నుంచి ఆ చెయ్యి నాకు అలవాటైపోయింది, మా అమ్మకు మాత్రం కాలేదు. ఎవరైనా ఇంటికి వస్తే చాలు, నా పైట లాగి ఆ చేతి మీద కప్పేది. ఇప్పుడు ఈ ఆల్బంలో, నాకు ఎన్నడూ లేని ఎదిగిన వేళ్లు రెండు నన్ను చూస్తున్నాయి. ఏడేళ్ల పిల్ల వేళ్లు పోగొట్టుకున్నదాన్ని, అవి పెరిగి పెద్దయితే ఎలా ఉండేవో నాకేం తెలుసు? కాసేపటికి కోపం వచ్చింది. ఆ కోపం వెనకాలే శకుంతలక్క గుర్తొచ్చింది.

శకుంతలక్క మా వీధి మలుపులో ఫోటో స్టూడియో నడిపేది. నేను ఆమె దగ్గర పనికి చేరేనాటికే ఆమె భర్త చనిపోయాడు. ఆయన ఫోటోగ్రాఫరు, పని ఆయన దగ్గరే నేర్చుకుంది. అంతకు ముందు ఆమె కూడా మా వీధిలోని ఆడవాళ్లందరిలా చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టిన మనిషే. ఆమె ఎడమ పాదం లోపలికి తిరిగి ఉండేది, నడిస్తే కాలు ఈడ్చుకుంటూ నడిచేది. గొంతు మాత్రం సాంచాల చప్పుడు మీదుగా వీధి చివరిదాకా వినిపించేది. కెమెరా ముందు కూర్చున్నవాళ్లను ఊరికే ఉండనిచ్చేది కాదు. "జర నవ్వు బావా, నవ్వితే పన్ను పడదు" అని ముసలాయనను ఏడిపించేది. "గంత పౌడరేందే, గోడకు సున్నమేసినట్టు? పోయి మొగం కడుక్కొని రా పో" అని కాలేజీ పిల్లను వెనక్కి పంపేది. తిట్టించుకున్నవాళ్లే మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆమె పనితీరు చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేది. బీడీలు చుట్టేవాళ్లు తునికాకును నానబెట్టి, దాని మీద కొలత రేకు పెట్టి, రేకు చుట్టూ కత్తెరతో కోస్తారు. ప్రతి ఆకూ ఒకే కొలతకు రావాలి. శకుంతలక్క ఫోటోలను కూడా అలాగే కోసేది. నూనె డబ్బా రేకును పాస్‌పోర్టు ఫోటో కొలతకు కత్తిరించి, అంచులు అరగదీసి పెట్టుకుంది. ఆ రేకును ముఖం మీద పెట్టి, అటూ ఇటూ జరిపి, జుట్టు, గడ్డం, రెండు భుజాలు కుదిరాయనుకున్నాక బీడీ కత్తెరతోనే చకచకా కోసేది. కోతయంత్రం మూలన దుమ్ముకొట్టుకుపోతున్నా దాన్ని ముట్టేది కాదు. "గది గుడ్డిది. నా కత్తెరకు కండ్లున్నయి" అనేది.

తొంభైల చివర్లో ఆమె ఉన్నట్టుండి ఒక కంప్యూటరూ, ఫోటోలు చదివే స్కానరూ, రంగుల ప్రింటరూ తెచ్చి పెట్టింది. కొంతం చౌక్‌లో ఎవరో పెట్టారట, పాత ఫోటోలు కొత్తవైపోతున్నాయట, జనమంతా అటు పోతున్నారట. నేను బీకాం పూర్తి చేసి, కంప్యూటరు క్లాసుకు కూడా వెళ్లి, పని దొరకక ఇంట్లో కూర్చున్నాను. ఎడమ చెయ్యి చూసి, "టైపింగ్ ఎలా చేస్తావు?" అని అడిగి పంపేసినవాళ్లే ఎక్కువ. శకుంతలక్క మాత్రం మా ఇంటి మెట్ల కింద నిలబడి అరిచింది. "రేణా! దిగు కిందికి. మెషీన్ తెచ్చిన, దానికి మనిషి లేదు." నేను దిగి వెళ్లాను. నా చేతి గురించి ఆమె ఒక్క మాట అడగలేదు. నాకు అదే పెద్ద ఆశ్చర్యం.

మొదటి రోజే మేమిద్దరం కలిసి నవ్వులపాలయ్యాం. గుర్తింపు కార్డుకు ఫోటో కావాలని బీడీ కార్ఖానాలో పనిచేసే ఒకావిడ వచ్చింది. ఆమె దగ్గరున్న పెద్ద ఫోటోను స్కానర్‌లో పెట్టాం. ముఖం తెర నిండా వచ్చింది. శకుంతలక్క తన రేకు తీసి నేరుగా కంప్యూటరు తెర మీద ఆనించింది! "ఇగో, ఈ రేకుకు బరాబర్ వచ్చేదాక చిన్నగ చెయ్యి" అంది. నాకు క్లాసులో నేర్పింది ఉత్తరాలు టైపు చేయడం, లెక్కలు వేయడం. ఫోటోల సంగతి నాకేం తెలుసు? సరేనని తగ్గించాను, రేకులో సరిగ్గా ఇమిడే దాకా తగ్గించి, మిగిలింది కోసేసి, ప్రింటు కొట్టాను. తెర మీది కొలత వేరు, కాగితం మీది కొలత వేరని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. బయటికి వచ్చిన ఫోటో చింతగింజంత ఉంది. ఆ ముఖంలో కళ్లెక్కడో ముక్కెక్కడో వెతుక్కోవాలి. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని నోరెళ్లబెట్టింది. "శకుంతలా, నా మొగమా ఇది? చీమకు గూడ కార్డు ఇస్తున్నరా?" అంది.

నేను కంగారుగా ఆ చింతగింజనే మళ్లీ లాగి పెద్దది చేశాను. ఈసారి ముఖం పెద్దదే వచ్చింది గానీ అంతా గళ్లు గళ్లు. "అయ్యో, అయ్యో, మొగం టవలు లెక్క అయిపాయెగదే!" అని శకుంతలక్క నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆవిడ నవ్వుతూనే వెళ్లిపోయింది గానీ శకుంతలక్క నవ్వలేదు. తెర ముందు చాలాసేపు కూర్చుంది. "చిన్నగ చేసినప్పుడు పోయింది, మళ్ల పెద్దగ చేస్తే రాదా?" అని అడిగింది. రాదన్నాను. "అంటే చిన్నగ చేసుడు గూడ కోసుడేనన్నట్టు" అంది, తనలో తాను అనుకున్నట్టుగా. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టింది. ఎవరి ఫోటో అయినా సరే, ముందు పూర్తిగా, ఉన్నది ఉన్నట్టు ఒకటి దాచాలి. ఆ తర్వాతే కోత. కోసే ముందు కూడా, "ఏం ఉంచుతున్నవో కాదు, ఏం పారేస్తున్నవో జర చూసుకో" అని నా వెనక నిలబడి సతాయించేది. చూసుకునేదాన్ని. ఎవరిదో భుజం మీద వేసిన చెయ్యి, ఎవరిదో పిల్ల తల వెంట్రుకలు, ఒక గోడ మీది క్యాలెండరు ముక్క, అన్నీ చూసుకుని మరీ కోసేదాన్ని. అలా చూడటం అలవాటయ్యాక ఫోటో నాకు మునుపటిలా కనిపించలేదు.

స్టూడియోకు ఎక్కువగా వచ్చే పని పెళ్లి సంబంధాల ఫోటోలది. అమ్మాయి ఫోటో కవర్లో పెట్టి అబ్బాయి వాళ్లకు పంపడం. ప్రతి తల్లీ ఏదో ఒకటి కోయమని అడిగేది. ఒకరికి మెడ మీది మచ్చ కనిపించకూడదు, ఒకరికి పొట్టిదనం తెలియకూడదు. నా పని అంతా అదే. వాటి మధ్యలో నా సంబంధాలు కూడా. మా అమ్మ స్టూడియోకు వచ్చి గుమ్మంలోనే నిలబడి, "శకుంతలా, రేణది పైపైన తియ్యి, ఛాతీ దాక చాలు" అనేది. శకుంతలక్క ఏమీ అనేది కాదు. తీసేది. కంప్యూటర్లో కోసేది మాత్రం నేనే. నా చెయ్యి ఉన్న చోట గీత పెట్టి, కింది భాగం మాయం చేసి, పైది ప్రింటు తీసి కవర్లో పెట్టేదాన్ని. సాంచా ఒక్కసారే కోసింది, నేను ప్రతి సంబంధానికీ ఒకసారి కోసుకున్నాను. అప్పట్లో అది నాకు కోతగా అనిపించలేదు, అదీ ఒక పనే అనుకున్నాను.

ఆ ఫోటో చూసి వచ్చేవాళ్లు. వాళ్లు వచ్చే రోజున మా అమ్మ నన్ను ముందే చాప మీద కూర్చోబెట్టేది, పైట కొంగు ఎడమ చేతి మీద సర్దేది, టీ ఇవ్వడానికి పక్కింటి పిల్లను పిలిచేది. అంతా బాగానే సాగేది. కానీ ఎంతసేపు దాస్తాం? బొట్టు పెట్టేటప్పుడో, పండు చేతిలో పెట్టేటప్పుడో కొంగు జారేది. అంతే, ఎదురుగా ఉన్న ముఖాల్లో నెత్తురు చుక్క ఉండేది కాదు. ఒకావిడ అయితే పెట్టబోతున్న బొట్టు వేలు అలాగే గాలిలో ఆపేసింది. ఒకాయన నా చెయ్యి చూసి, మా అమ్మను చూసి, తన చేతిలోని టీ కప్పును చూసి, దాన్ని కింద పెట్టేశాడు. తిట్టినవాళ్లెవరూ లేరు. "ఇంటికి పోయి కబురు చేస్తం" అనేవాళ్లు. ఆ కబురు ఎన్నడూ రాలేదు. పోనీ, సంబంధం పోతే పోయింది. నా కళ్ల ముందే, నా వల్లే, ఒక గదిలో మనుషులందరూ అలా అదిరిపడటం ఉందే, అది నా వల్ల అయ్యేది కాదు. ఆ రాత్రి అన్నం సహించేది కాదు. దెయ్యాన్ని చూసినట్టు చూశారు కదా అని దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చేదాన్ని.

అప్పుడు భీవండి నుంచి వచ్చి హోట్గి రోడ్డు కాలనీలో కొత్తగా దిగిన ఒక కుటుంబం సంగతి మా మేనమామ తెచ్చాడు. మనవాళ్లే, అబ్బాయి మిల్లులో లెక్కలు చూస్తాడు, ఫోటో అడుగుతున్నారు అన్నాడు. శకుంతలక్క ఈసారి కొత్త ఫోటో తీస్తానంది. నన్ను నిలబెట్టి, ముందు కుర్చీ వేసి, "రెండు చేతులు కుర్చీ మీద పెట్టు" అంది. "ఎట్లయినా కోస్తం గదక్కా, చేతులెందుకు?" అన్నాను. "తీసేటప్పుడు మనిషినంత తియ్యాలె. కోసుడు తర్వాత ముచ్చట. సీదా చూడు, నా దిక్కు." చూశాను. ఎప్పటిలాగే ఆ ఫోటోను కంప్యూటర్లో ఛాతీ దాకా కోసి, ప్రింటు తీసి ఆమె బల్ల మీద పెట్టాను. సాయంత్రం మా అమ్మ వస్తే శకుంతలక్క కవరు చేతిలో పెట్టింది. జిగురు అంటించి ఉంది. "విప్పకు వదినె, రంగు ఇంక ఆరలే, ఖరాబయితది" అంది. మా అమ్మ దాన్ని అలాగే మా మామకు ఇచ్చింది.

వాళ్లు ఎండాకాలంలో వచ్చారు. అబ్బాయి, అతని తల్లి, చిన్నాయన. తల్లి నిండైన మనిషి, నోట్లో పాన్, చంకలో సంచి. కూర్చున్న చోటనే కూర్చుని గదంతా ఒకసారి చూసి, చివరికి నన్ను చూసింది. మా అమ్మ ఎప్పటిలాగే నా చెయ్యిని కొంగులో చుట్టచుట్టి పెట్టింది. ఆవిడ అటు చూసి, "వదినె, పిల్ల చెయ్యికి గట్ల గుడ్డ చుట్టినవేంది? ఉక్కపోస్తలేదా?" అని అడిగింది. మా అమ్మకు చెమటలు పట్టాయి. "అదే వదినె... పిల్లకు జర చలి జరం" అంది. సోలాపూరులో, ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట చలి! మా మామ టీ తాగబోయి పొలమారాడు. ఆవిడ పాన్ దవడకు జరుపుకుంది. "దాచుడెందుకు వదినె? చెయ్యి చూసే వచ్చినం గదా" అంది. సంచిలో చెయ్యి పెట్టి ఫోటో తీసి చాప మీద పెట్టింది.

అది నేను కోసిన ఫోటో కాదు. నేను నిలబడి ఉన్నాను, తల నుంచి నడుము కింది దాకా. కుర్చీ వీపు మీద రెండు చేతులు. కుడి చేతికి ఐదు వేళ్లు, ఎడమ చేతికి మూడు. పోయిన వేళ్ల మొదళ్ల దగ్గర ముడుచుకున్న చర్మం కూడా స్పష్టంగా కనిపిస్తోంది. మా అమ్మ కొయ్యబారిపోయింది. నా చెవుల్లో కింది సాంచాల చప్పుడు కూడా ఆగిపోయినట్టయింది. నన్ను నడి వీధిలో నిలబెట్టినట్టుంది. ఆవిడ మాత్రం ఏమీ జరగనట్టు చెప్పుకుపోతోంది. "అబద్ధం ఎందుకు, మొదలు చూసినప్పుడు మేం గూడ జడుసుకున్నం. నేనైతే ఫోటో బోర్లేసిన. గిదేంది, గిసోంటి పిల్లను చూపెడుతున్నరు అన్న. మా పిలగాడే మళ్ల తిప్పి చూసిండు. తెల్లారి నేను గూడ చూసిన. ఇంకో దినం పోయినంక చెయ్యి కనవడలే, పిల్లనే కనవడింది. సరే, పోయి చూద్దమని వచ్చినం." అబ్బాయి అంతసేపూ తల వంచుకుని ఉన్నాడు. అప్పుడు తలెత్తి నన్నే అడిగాడు. "ఇంక నొప్పి ఉంటదా?"

నా చేతిని చూసి ఆ మాట అడిగినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. "చలికాలంల జర గుంజుతది" అన్నాను. కొంగు నేనే తీసేశాను. ఎవరి ముఖమూ మారలేదు. ఆ గదిలో అదిరిపడ్డది మా ఇంటివాళ్లమే.

వాళ్లు "మాకు పసందే" అని చెప్పి మరీ వెళ్లారు. సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ "మన ఇజ్జత్ తీసింది ఆ శకుంతల" అని శాపనార్థాలు పెడుతుంటే చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా స్టూడియోకు పరిగెత్తాను. "నా చెయ్యి చూపెట్టనీకి నువ్వెవరు అక్కా? వాళ్లు ఆ ఫోటో కొంతం చౌక్‌ల నలుగురికి చూపెట్టి నవ్వి ఉంటే? నన్ను ఒక్క మాట అడిగినవా?" అని అరిచాను. ఆమె కత్తెర బల్ల మీద పెట్టింది. "అడిగితే ఏమంటుంటివి?" అంది. "వద్దంటుంటి!" అన్నాను. "గందుకే అడగలే" అంది. ఎంత పొగరు! నాకు ఏడుపొచ్చింది. ఇంక రేపటి నుంచి రానన్నాను. అప్పుడు ఆమె కాలీడ్చుకుంటూ లోపలికి వెళ్లి, భర్త పాత కెమెరా సంచి తెచ్చి, దాని లోపలి అరలోంచి ఒక ఫోటో ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

అది ఒక నలుపు తెలుపు ఫోటో కింది సగం. పైన కత్తెరతో తిన్నగా కోసి ఉంది. కుర్చీలో కూర్చున్న ఒక ఆడమనిషి ఒడి, చీర కుచ్చెళ్లు, కింద రెండు పాదాలు. తల లేదు, ముఖం లేదు. ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. ఆమె ముఖం చూశాను, ఆమె పాదం చూశాను, మళ్లీ ముక్కను చూశాను. "పై సగం సంబంధం కోసం సిరిసిల్లకు పోయింది, మళ్ల రాలే" అంది శకుంతలక్క. "మా అవ్వ కొయ్యమన్నది, కోసిచ్చిండ్రు. ఆ మొగం చూసే లగ్గం ఖాయం జేసిండ్రు, వాళ్లు ముందుగాల వచ్చి చూసింది గూడ లేదు. మండపంల పిలగానితోని నడువుమన్నరు. నడిచిన. బాజా బంద్ అయింది రేణా. లగ్గానికొచ్చిన మందంత ఒక్కసారే నా కాలు చూసిండ్రు. నన్ను గాదు, కాలు. లగ్గమైతే చేసిండ్రు ఇజ్జత్ కోసం. నెల తిరగకముందే మోసం జేసిండ్రని తోలిచ్చిండ్రు."

"కోసిచ్చింది ఎవలక్కా?" అని అడిగాను. ఆమె గోడ మీద దండ వేసి ఉన్న భర్త ఫోటో వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఈయననే. నన్ను తోలిచ్చిన ముచ్చట ఇని మా ఇంటికొచ్చిండు. ఈ ముక్క పట్టుకొని. పారెయ్యబుద్ధి కాలే అన్నడు. నేను కోసింది నేనే తెచ్చిన, నన్ను లగ్గం చేసుకుంటవా అన్నడు. నేను మొగం మీదనే తలుపేసిన. ఏడాదికి పైనే తిరిగిండు." ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ముక్కను నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తుడిచింది. "జడుసుకునేటోళ్లు జడుసుకుంటరు బిడ్డా, వాళ్లను మనం ఆపలేం. కాని వాళ్లింట్ల కూసొని జడుసుకోనీ. నీ ముంగట ఎందుకు జడుసుకోవాలె? నువ్వెందుకు చూడాలె గది?" అంది.

తలుపు దగ్గర నిలబడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మర్నాడు పనికి వెళ్లాను. ఆమె ఏమీ జరగనట్టు, "ఆలస్యమైందేందే, కోడలుపిల్లా?" అని ఏడిపించింది. ఆ ఎండాకాలంలోనే మా పెళ్లయింది. మా అమ్మ శకుంతలక్కతో చాలా రోజులు మాట్లాడలేదు, నా మొదటి కాన్పుకు తానే పిలిచింది. మా అత్తగారు బతికినన్నాళ్లూ ఆ ఫోటోను దేవుడి గూటి పక్కనే పెట్టుకున్నారు. నేను మాత్రం శకుంతలక్క చేసినదాన్ని నేటికీ సగమే ఒప్పుకుంటాను. నన్ను అడిగి ఉండాల్సింది. నేను వద్దంటే నా వెనక పడి, సతాయించి, ఒప్పించి ఉండాల్సింది. అలా అడిగితే నా బతుకు ఈ ఇంటికి వచ్చి ఉండేది కాదని కూడా నాకు తెలుసు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. అలాగే పెట్టుకుని ఉన్నాను.

ఆమె పోయినప్పుడు మరొకసారి గోల అయింది. ఆమెకు పిల్లలు లేరు. పదో రోజుకు దండ వేయడానికి ఫోటో కావాలని ఆమె మరిది నా దగ్గరికి వచ్చాడు. మావాళ్ల ఇళ్లలో గోడ మీది ఫోటోలన్నీ ముఖాలే, మెడ దాకా ఉంటే ఎక్కువ. నా దగ్గర ఆమెది ఒక ఫోటో ఉంది. స్టూడియో గుమ్మంలో నిలబడి, కత్తెర చేతిలో పట్టుకుని, ఎవరినో తిడుతుండగా నేనే తీసింది. తల నుంచి పాదాల దాకా, ఎడమ పాదంతో సహా. దాన్ని అంగుళం కూడా కోయకుండా పెద్దది చేసి, చట్రం కట్టించి తీసుకెళ్లాను. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉలిక్కిపడ్డారు. "దండేసే ఫోటోల కాళ్లేంది రేణా? ఎక్కడన్న చూసినమా?" అని ఆమె తోడికోడలు నా మీద గయ్యిమంది. నేను గోడకు మేకు కొట్టి తగిలించి వచ్చాను. ఆమె రేకు, ఆ ఫోటో ముక్క మాత్రం నేనే తెచ్చుకున్నాను. అవి మా బీరువాలో, నా పెళ్లి చీర మడతల్లో ఉన్నాయి.

ఇదంతా గుర్తొచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆల్బం సంచిలో వేసుకుని, మా ఆయనను వెంటబెట్టుకుని పెళ్లి ఫోటోలు తీసిన స్టూడియోకు వెళ్లాను. పెద్ద అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, గోడంత తెర. స్టూడియో యజమాని మర్యాదస్తుడు, కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. నేను ఫోటో చూపించి, నా ఎడమ చెయ్యి ఎత్తి అతని ముందు పెట్టాను. అతను కంగారుపడ్డాడు. "తప్పు పట్టకుండ్రి ఆంటీ. మీరు చెప్పక ముందే మేమే చేసినం. దీనికి వేరే పైసలు తీసుకోలే" అన్నాడు. నాకు శకుంతలక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది, దాని వెంటే దుఃఖమూ వచ్చింది. ఇతనూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆమె నాకు ఉన్నదాన్ని ఉంచింది, ఇతను నాకు లేనిదాన్ని అతికించాడు. "అసలుది ఉందా?" అని అడిగాను. ఉందన్నాడు. ఏ ఫోటో అయినా ముందు ఉన్నది ఉన్నట్టు ఒకటి దాస్తారట. తెర మీద తెరిచాడు. కోడలి పట్టుచీర భుజం మీద నా మూడు వేళ్లు, ముడుచుకున్న చర్మం, ఆ పక్కనే పూలదండ.

మా ఆయన దాన్ని చూసి, "ఆఁ, ఇది మా రేణది" అన్నారు, పోయిన వస్తువు దొరికినట్టుగా. ఇదే ప్రింటు వేసి ఆల్బంలో పెట్టమన్నాను. అతను మౌస్ మీద చెయ్యి వేసి కాసేపు తటపటాయించాడు. "పెట్టుమంటే పెడ్త ఆంటీ. కాకపోతే ఆల్బం మీ కోడలు వాళ్ల ఇంటికి గూడ పోతది గదా. కొత్త చుట్టాలు. చూసేటోళ్లు ఒక్కసారే జడుసుకుంటరని..."

"జడుసుకోనీ బిడ్డా" అన్నాను. "వాళ్లింట్ల కూసొని జడుసుకోనీ."